ఈదమ్మవ్వ ఏరిన నీళ్ళు

దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నా నేనేమీ అనుకోను. పొయ్యి మీద పప్పు పెట్టాను. నడుమ నడుమ లేచి మూత తీసి చూసి వస్తుంటాను, మీరు కూడా ఏమీ అనుకోవద్దు. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. పాలమూరులో ఒక పెద్ద కాలేజీ వరండాలో చంటిపిల్లను భుజాన వేసుకుని తిరిగిన తిరుగుడు ఇప్పటికీ నా కాళ్ళలో మిగిలే ఉంది.

మొన్న బొంతలు ఎండకు వేద్దామని పెట్టె తెరిచాను. మా మనుమరాలు చిన్ని నాకంటే ముందు చెయ్యి పెట్టి, అడుగున ఉన్న నీలం తాడు పట్టుకుని బయటికి లాగింది. తాడు చివర ఒక అట్టముక్క, దాని మీద ప్లాస్టిక్ కవరు. సభలకు పోయినవాళ్ళు మెడలో వేసుకుంటారే, అది. దాని మీద లచ్చమ్మ అని నా పేరు ఉంది. పేరు కింద ‘నన్ను దీని గురించి అడగండి’ అని అచ్చు అక్షరాలు, వాటి కింద నీలం సిరాతో ‘కందిపప్పు’ అని చేతిరాత. చిన్ని కూడబలుక్కుని చదివి, పడీ పడీ నవ్వింది. “అమ్మమ్మా, నువ్వు గప్పుడు కందిపప్పు అమ్మినవా?” దానికి ముందు పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. నోరంతా తెరిచి నవ్వుతుంటే ఆ పళ్ళ కొనలు కనబడ్డాయి. అట్టముక్క చేతిలో పట్టుకుని ఉండిపోయాను. అది నా మెడలో ఉన్న రోజుల్లో ఈ పిల్ల నా చంకలో ఉంది. చెబుదామని నోరు తెరిచేసరికి అది ఆటకు ఉరికింది. అందుకే మీకు చెబుతున్నాను.

కరుణ నా బిడ్డ, చిన్ని తల్లి. రాళ్ళ చదువు చదివింది. నీళ్ళు భూమిలో ఏ రాతి సందున నిలుస్తాయి, ఏ రాయి నీళ్ళలో ఏం కలుపుతుంది అన్నది దాని చదువు. అంతకుముందు మా ఇంట్లో రాతి పని అంటే కూలికి పోయి కంకర కొట్టడమే. తెలంగాణ వచ్చిన కొత్తలో కరుణకు హైదరాబాదులో ఒక పెద్దాయన కింద పని దొరికింది. నిండు నెలలతో ఇంటికి వచ్చాక ఆ పని ఇంకొకరికి పోయింది. చిన్ని పుట్టాక అది కిటికీ దగ్గర కూర్చుని, పిల్లకు పాలిస్తూ, చేతిలో ఫోను చూస్తూ ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి తలెత్తింది. భూమి చదువు చదివినవాళ్ళ సభ పాలమూరులో జరుగుతుందట. ఆ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు ముందు కొన్ని రోజులు శిక్షణ ఇస్తారట. పెద్దలతో ఎలా మాట్లాడాలి, తమ పని ఎలా చెప్పుకోవాలి, ఒకరినొకరు ఎలా తెలుసుకోవాలి అని నేర్పుతారట. చివరి రోజు ఒక్కొక్కరు లేచి తమ పని చెప్తే, పెద్దలు విని, నచ్చినవాళ్ళను తమ దగ్గరికి తీసుకుంటారట.

“అమ్మా, గిది గూడ పోతే నన్ను మల్ల ఎవ్వరు గుర్తువెట్టుకోరు,” అన్నది.

పిల్ల సీసా పాలు ముట్టదు. అల్లుడు దేవరకొండ దగ్గర బడిపంతులు, ఆయనకు సెలవు దొరకలేదు. “నేనొస్తా పా. పిల్లకు పాలియ్యాల్నంటే బయటికొచ్చి ఇద్దువు,” అన్నాను. సజ్జరొట్టెలు, చింతకాయ తొక్కు మూటకట్టుకుని రామన్నపేటలో బస్సెక్కి, హైదరాబాదులో రైలు పట్టుకుని పాలమూరులో దిగాం. దారి పొడుగునా కరుణ పెదవులు కదులుతూనే ఉన్నాయి. తన మాటలు తనే అప్పజెప్పుకుంటోంది. ఎదుటి బల్ల మీది ఆమె చిన్నిని చూసి నవ్వితే, కరుణ కూడా నవ్వి వెంటనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పుట్టి పెరిగిన అందరివీ గారపళ్ళే. గోధుమరంగు చారలు, తోమితే పోవు, వేపపుల్లతో చిగుళ్ళు చీరుకుపోయేలా రుద్దినా పోవు. ఊళ్ళో అందరివీ అవే కాబట్టి మాకు అది సిగ్గు కాదు. నేను ఏనాడూ నోరు మూసుకుని నవ్వలేదు. కరుణ హైదరాబాదు హాస్టలుకు పోయి తొలి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఆ చెయ్యి దానితోపాటు వచ్చింది. ఎవరు ఏమన్నారో చెప్పలేదు. నేను అడగలేదు. ఆ రోజు నుంచి అది నవ్వితే నాకు దాని కళ్ళే కనబడేవి.

కాలేజీ గేటు లోపల బల్ల వేసుకుని ఒక పిల్ల కూర్చుంది. “మెడల గిది లేకపోతే లోపలికి రానియ్యరమ్మా,” అని నాకూ ఒక అట్టముక్క తీసింది. ప్రతి ఒక్కరి అట్ట మీదా వాళ్ళు దేని గురించి మాట్లాడగలరో రాయాలట. అది చూసి కొత్తవాళ్ళు పలకరిస్తారట. “నువ్వు దేని గురించి చెప్తవమ్మా?” “నాకేమెరుక బిడ్డా. కందిపప్పు వండుడు ఎరుక.” ఆ పిల్ల నవ్వుతూ అదే రాసింది. కరుణ, “ఏందమ్మా, నవ్వులపాలు చేస్తవ్,” అని గొణిగింది. దాని అట్ట మీద మాత్రం నాకు అర్థం కాని పెద్ద పెద్ద మాటలేవో ఉన్నాయి.

ఆ శిక్షణ అంతా నేను గుమ్మాల్లోంచే చూశాను. చిన్ని ఏడవనంతసేపు లోపలికి తొంగిచూసేదాన్ని, ఏడిస్తే వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదాన్ని. ఫినాయిలు వాసన, తడి గోడల వాసన, క్యాంటీను నుంచి ఉల్లిగడ్డ తాలింపు వాసన. ఒక గదిలో కుర్చీలు ఎదురెదురుగా వేసి పిల్లలను జంటలుగా కూర్చోబెట్టారు. గంట కొట్టగానే మాట్లాడాలి, మళ్ళీ కొట్టగానే లేచి పక్క కుర్చీకి జరగాలి. ఒకరి మాట సగంలో ఉండగానే గంట మోగేది. పెళ్ళిచూపులు కూడా ఇంతకంటే నిమ్మళంగా జరుగుతాయి కదా అనుకున్నాను. మధ్యాహ్నం బంతిలో ఒక్కో బల్లకు ఒక్కో పెద్దమనిషి, చుట్టూ పిల్లలు. తింటూనే ప్రశ్నలు అడగాలి. తెలియనిది తెలియదని చెప్పడం కూడా నేర్పుతున్నారు, అది నాకు బాగా నచ్చింది. ఒక సాయంత్రం బస్సులో ఊరిబయట గుట్టకు తీసుకుపోయారు. అక్కడ చిన్న సుత్తెలతో రాయి పగలగొట్టి, చదువుకున్న పిల్లలు ఆ ముక్కలను నాలుకతో నాకి చూస్తుంటే నేను హడలిపోయాను. తడిస్తే రాయి రంగు తేటగా కనబడుతుందట. “బిడ్డా, నీళ్ళు లేవా వీళ్ళకాడ?” అంటే కరుణ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. చెయ్యి మాత్రం నోటి మీదే ఉంది.

వాళ్ళకు నేర్పే ఆమె పేరు వసంత మేడం. నెరిసిన జుట్టు, నూలు చీర, కాళ్ళకు మగవాళ్ళు తొడుక్కునే బూట్లు. “ఒక గిలాస చాయ తాగే లోపట, మీ చదువు ఎరుకలేని మనిషికి మీ పని అర్థం కావాలె. ఇంటికాడ ఎవరుంటే వాళ్ళకు చెప్పి చూసుకోండి,” అని అందరికీ చెప్పింది. కరుణకు ఎవరున్నారు? నేనే ఉన్నాను. మధ్యాహ్నం మాకు దిగడానికి ఇచ్చిన గదిలో పిల్లను పడుకోబెట్టి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను గోడ పక్కన నిలబడి మొదలుపెట్టింది.

“మా తాన కొత్త బావి తవ్వితే, ఆ నీళ్ళతోని కందిపప్పు ఉడకవెట్టి చూసెటోళ్ళు. పప్పు మెత్తగైతే గవి తాగే నీళ్ళు. కాకపోతే గొడ్లకు. గా నీళ్ళతోనే...”

“ఆగు,” అన్నాను. “గది మా అవ్వ పని గదా?”

“అవునమ్మా. మా ముత్తవ్వ ఈదమ్మ అని పేరు గూడ చెప్త.”

ముందు సంతోషపడ్డాను. ఈదమ్మవ్వ మా నాయిన తల్లి. నేను పెరిగింది ఆమె చేతిలోనే. తెల్లవారుజామున ఆమె చుట్ట వాసన తగిలితే లేచే పొద్దయిందని తెలిసేది. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, కంది కట్టెతో పొయ్యి రాజేసేది. ఆ కట్టె చిటపటలాడుతూ మండేది, తియ్యటి పొగ వచ్చేది, దాని వాసన ఆమె కొంగులో ఎప్పుడూ ఉండేది. చేలల్లో కందులు ఏరుకొచ్చి, తిరగలి విసిరి, చేటలో చెరిగి, గురిగి అని ఒక చిన్న మట్టికుండలో పప్పు విడిగా దాచేది. ఆ గురిగి ముట్టుకుంటే మా వీపులు మోగేవి. అది తినే పప్పు కాదు, నీళ్ళను అడిగే పప్పు.

ఎవరైనా బావి తవ్విస్తే అవ్వకు కబురు వచ్చేది. మాది ఊరి చివరి వాడ. మా చేతి నీళ్ళు ఊరివాళ్ళు తాగరు, మా గడపకు రారు. కానీ బావిలో నీళ్ళు పడ్డనాడు మాత్రం వాళ్ళ మనిషి మా వాకిట్లో నిలబడి, “ఈదమ్మా, జర వచ్చి చూడే,” అనేవాడు. అవ్వ ఉతికిన కోక కట్టుకుని, గురిగి కొంగున దాచుకుని, నన్ను వెంట పెట్టుకుని పోయేది. బావి ఒడ్డున రాళ్ళతో పొయ్యి పెట్టి, కొత్త నీళ్ళు పోసి, పిడికెడు పప్పు వేసి, మాట్లాడకుండా కూర్చునేది. చుట్టూ మగవాళ్ళు నిలబడి ఆ కుండ వైపే చూసేవాళ్ళు. చివరకు ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపేది. వెన్నలా జారితే తల ఊపేది. అంతే, ఊరంతా ఆ నీళ్ళు తాగేది. ఆ పప్పు మాత్రం వాళ్ళు తినరు. నేనూ అవ్వా బావి ఒడ్డునే తినేవాళ్ళం. పప్పు అంటరానిదే గానీ మాట కాదు. అవ్వ బతుకులో ఊరు ఆమెకు ఇచ్చిన మర్యాద అదొక్కటే.

ఒకసారి పటేలు గుట్ట కింద బావి తవ్వించాడు. తవ్వుతుంటే తెల్లటి గడ్డలు బయటపడ్డాయి. మేం పిల్లలం వాటితో బండల మీద గీతలు గీసేవాళ్ళం. నీళ్ళు అద్దంలా పడ్డాయి. పటేలు ఊరంతా పిలిచాడు. పప్పు మాత్రం ఉడకలేదు. కట్టె మీద కట్టె వేసినా గింజ గింజగానే ఉంది, ఇసుకలా.

“ఇంకింత సేపు ఉంచరాదే, ఈదమ్మా.”

“కట్టెలయిపోతయ్ గని పప్పు ఉడకది, పటేలా.”

పటేలు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. “గింతమంది చూస్తున్నరు. జర మంచిగున్నయని చెప్పరాదు?”

అవ్వ గింజను అరచేతిలో పెట్టి చాపింది. “కుండ ఏం చెప్తే నేను గదే చెప్త. నీ మొకం చూసి చెప్తనా నేను? నా మొకం చూసి చెప్తనా?”

ఆ బావి నీళ్ళు బర్రెలకు, చేలకు పోయాయి. ఊరు వాగు పక్కన ఉన్న కింది బావికే తిరిగింది. ఆ కింది బావి కూడా అవ్వ ఏరిందే. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి నేను తాగిందీ, కరుణ తాగిందీ ఆ నీళ్ళే.

ఇదంతా నా కళ్ళ ముందు తిరుగుతుంటే, పాలమూరు గదిలో కరుణ నెమ్మదిగా తక్కిన సగం చెప్పింది. “అమ్మా, గా తెల్ల గడ్డలు సున్నం. సున్నం నీళ్ళల్ల పప్పు ఉడకది. కని గా సున్నమే ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు కూసోవెడ్తది, నీళ్ళల్ల ఎక్కువ నిలవనియ్యది. కింది బావిల సున్నం లేదు. గందుకే పప్పు మెత్తగైంది. గందుకే ఫ్లోరైడ్ గూడ మన కడుపులకొచ్చింది. రెండు బావుల నీళ్ళు నేనే సీసాలల్ల పట్టుకపోయి చూసిన.”

పళ్ళనూ ఎముకలనూ తినే ఫ్లోరైడ్ మాట నల్లగొండ మనిషికి కొత్త కాదు. కానీ అది బోర్ల నీళ్ళ రోగమని నేను అనుకునేదాన్ని. అవ్వ ఏరిన బావి పక్కన ఆ మాటను ఏనాడూ పెట్టి చూడలేదు. అవ్వ మోకాళ్ళు వంగిపోతే నాట్లు వేసీ వేసీ వంగాయనుకున్నాం. పటేలు బావి నీళ్ళు తాగిన బర్రెలు మాత్రం నిటారుగా నడిచాయి.

“అంటె మా అవ్వ మాకు విషం ఏరిపెట్టిందా?” అన్నాను.

“గట్ల ఎవరన్నరమ్మా?”

“నువ్వే గదా అంటున్నవ్. ఊరు మొత్తానికి ఆమె చేసిన మంచి గదొక్కటే. గది గూడ నువ్వు సభల నిలవడి గుంజుకుంటవా? ఇంగేదన్న చెప్పుకో బిడ్డా. మా అవ్వ పేరు తియ్యకు.”

కరుణ కాగితం మడిచింది. నేను నిద్రపోతున్న పిల్లను లేపి మరీ ఎత్తుకుని వరండాలో పడ్డాను.

మరునాడు వసంత మేడం ముందు అందరూ ఒకసారి చెప్పి చూసుకున్నారు. కరుణ లేచింది. అవ్వ లేదు, కుండ లేదు, పప్పు లేదు. ఏ రాయి, ఎంత లోతు, ఏ నీళ్ళలో ఎంత అన్న లెక్కలు మాత్రం గడగడా చెప్పేసింది. పిల్లల్లో ఒకడు ఆవలించడం నేను గుమ్మంలోంచి చూశాను.

“అన్నీ సరిగ్గనే ఉన్నయ్ కరుణా,” అన్నది మేడం. “కని ఈ నీళ్ళు తాగినోళ్ళు ఏరి? ఒక్క మనిషి గూడ కనవడలేదు నాకు. రేపు గిట్లనే చెప్తే, వినేటోళ్ళు నీ పేరు గూడ మర్చిపోతరు.”

కరుణ గుమ్మం వైపు ఒక్కసారి చూసింది. నా మీద నేరం మోపే చూపు కాదది, అదే అయితే నేను తట్టుకునేదాన్ని. తర్వాత తల వంచుకుని చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం చాయ వేళ ఎక్కడివాళ్ళు అక్కడ గుంపులుగా నిలబడ్డారు. చిన్ని నా భుజం మీద కునుకు తీస్తోంది. అమ్రాబాదు నుంచి వచ్చిన మంజుల అనే పిల్ల, అడవిలో మట్టి గురించి చదువుతుందట, చాయ గిలాసతో నా దగ్గరకు వచ్చి మెడలో అట్ట చదివింది. “నన్ను అడగండి అని ఉన్నది. అడుగుత మరి. కందిపప్పు సంగతేందో చెప్పు, పెద్దమ్మా.”

ఏదో రెండు మాటలు చెప్పి పంపేద్దామనుకున్నాను. కానీ పొద్దంతా నా గొంతులో అడ్డం పడి ఉన్నది అవ్వే. నోరు తెరిస్తే ఆమే వచ్చింది. కంది కట్టె పొయ్యి చెప్పాను, గురిగి చెప్పాను, బావి ఒడ్డున నిలబడ్డ మగవాళ్ళను చెప్పాను. పిల్లను ఎడమ భుజానికి మార్చుకుని, కుడిచేతి వేళ్ళతో గింజ ఎలా నలిపేదో చూపించాను. పటేలు గొంతు తగ్గించిన కాడికి వచ్చేసరికి నా చుట్టూ ఒక వలయం కట్టారు. తెల్ల గడ్డలు అనగానే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు తెలిసిపోయింది. నేను చెప్పకముందే తెలిసిపోయింది. ఎవరూ నవ్వలేదు. వెనక వసంత మేడం నిలబడి ఉంది, ఆమె పక్కన కరుణ.

“మల్ల అవ్వ ఎట్లయింది, పెద్దమ్మా?” అని మంజుల మెల్లగా అడిగింది.

అక్కడ ఆపేయవచ్చు. పటేలుకు జవాబు చెప్పిన అవ్వను అలా నిటారుగా నిలబెట్టి, చాయ తాగి పోవచ్చు. కానీ అవ్వ పటేలుతో అన్న మాట ఇప్పుడే నా నోటితోనే చెప్పాను. ఎవరి మొకం చూసీ చెప్పనన్నది కదా. ఇప్పుడు నేను ఎవరి మొకం చూసి దాస్తున్నాను? ఆమె మొకమేనా?

“మోకాళ్ళు వంగినయ్,” అన్నాను. “మెడ తిరగకుంటయింది. వెనుక నుంచి పిలిస్తే మొత్తం మనిషి తిరిగి చూసేది. తాగింది గా నీళ్ళే. సచ్చేదాక గా నీళ్ళే. మేం గూడ గవే తాగినం. ఇగో, చూడు.” పెదవులు పైకి ఎత్తి నా పళ్ళు చూపించాను. ఆ పిల్లల ముందు, ఆ పెద్దల ముందు. ఇంతవరకు నేనెవరికీ చూపించాలనీ అనుకోలేదు, దాచాలనీ అనుకోలేదు. చూపిస్తుంటే భుజం కదిలి చిన్ని లేచి ఏడ్చింది.

గదికి పోయాక కరుణ పిల్లకు పాలిస్తూ అడిగింది. “అమ్మా, ఒద్దని నువ్వేనంటివి గదా?”

“అంటి. నోరు ఆగలే.” నేను కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. “పేరు తీస్తే మొత్తం తియ్యి. సగం తియ్యకు. పటేలుతోని అన్న మాట గూడ చెప్పు. నీళ్ళు సీసాల పోసి చూసే తెలివి గప్పుడు మా ఊళ్ళె ఎవ్వరికి లేకుండె. ఆమెకు కుండ ఒక్కటే ఉండె. ఆమె బతికుండి నీ సీసా చూస్తే, గా వంగిన మోకాళ్ళతోనే ఊరంత తిరిగి ‘కింది బావి ఒద్దు’ అని తనే చెప్తుండె. అట్ల చెప్పు.”

కరుణ తల ఎత్తలేదు. పిల్ల తల నిమురుతూ, “కూసోరాదే అమ్మా, జరసేపు,” అన్నది.

చివరి రోజు హాలు నిండిపోయింది. నేను తలుపు పక్కన వెనక కుర్చీలో కూర్చున్నాను. కరుణ పేరు పిలిచారు. నడిచి పోయి నిలబడింది. “మా ముత్తవ్వ పేరు ఈదమ్మ,” అన్నది. అంతే, చిన్ని ఎత్తుకుంది ఏడుపు. హాలు హాలంతా మా వైపు తిరిగింది. లేచి ఒక్క ఉరుకున బయటపడి తలుపు మూశాను. ఇంత దూరం వచ్చి, ఆ మాటలు నేను వినలేదు. ఈనాటికీ వినలేదు. వరండాలో అటు పోతాను, ఇటు వస్తాను, వచ్చిన ప్రతిసారీ తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తాను. మాట వినబడదు. నా బిడ్డ పెదవులు కదులుతున్నాయి, అంతే. ఒకసారి చూస్తే ఎడమ చెయ్యి కిందికి చాచి ఉంది, కుండ పట్టుకున్నట్టు. ఇంకోసారి చూస్తే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గాలిలో గింజను నలుపుతున్నాయి. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. నోటికి అడ్డం పెట్టుకోవడానికి దానికి చెయ్యి మిగల్లేదు. ఆ అద్దానికి ముక్కు ఆనించి నేను అలాగే నిలబడిపోయాను. భుజం మీద చిన్ని కూడా ఎందుకో ఏడుపు ఆపింది.

కరుణను ఆ సభకు వచ్చిన ఒక పెద్దామె తన దగ్గర పనికి తీసుకుంది. మా మెట్ట ఊళ్ళలోనే, బావులూ బోర్లూ తిరిగి చూసే పని. అమ్రాబాదు దిక్కు పోతే మంజుల ఇంట్లోనే దిగుతుంది. ఏ ఊరికి పోయినా ముసలామెలు దానికి చెప్పేది ఒకటేనట. “మా నీళ్ళు మంచియి బిడ్డా, పప్పు ఎంత మెత్తగైతదో చూడు.” అది నవ్వదట, కాదనదట. వాళ్ళు వండిన పప్పు తిని, మా అవ్వ సంగతి చెప్పి, అప్పుడు సీసా బయటికి తీస్తుందట.

ఇప్పుడు మా ఇంటికి నల్లా వచ్చింది. కృష్ణ నీళ్ళు అంటారు. కడవ ఎత్తుకుని పోయే పని లేదు, బావి ఒడ్డున తగవు లేదు, కోక తడిసేది లేదు. మా ఎదురింటామె మాత్రం, “గవి మందు వాసనొస్తున్నయ్ వదినా,” అని ఇంకా బోరు నీళ్ళే తాగుతుంది. నల్లా రాని రోజు నా ప్రాణం నిలవదు. చిన్ని ఎవరింట ఆడుకుంటోంది, దాహం వేస్తే ఎవరి బిందెలో గిలాస ముంచింది అని వీధి వీధి తిరుగుతాను. కరుణ కసురుతుంది, “ఒక్కరోజుకు ఏం గాదమ్మా, ఎందుకంత ఫికర్?” ఏం గాదని నాకూ తెలుసు. అయినా కాళ్ళు ఆగవు. అవ్వ కాలంలో నీళ్ళను నమ్మి కుదురుగా కూర్చునేవాళ్ళం. నీళ్ళు మంచివైన కాలంలో నాకు ఆ కుదురు లేదు. ఏది మేలో మీరే చెప్పండి.

అదిగో, మాటల్లో పడి మర్చిపోయాను, పొయ్యి మీద పప్పు. ఉండండి.

ఉడికింది. కుక్కరు కొనిచ్చింది కరుణ, అయినా నేను గిన్నెలోనే వండుతాను, ఒక గింజ తీసి నలిపి చూస్తాను. ఈ వేళ్ళకు అలవాటు పోలేదు. మెత్తగానే అయింది. పప్పు ఉడికిందని మాత్రమే అంటున్నాను, నీళ్ళ సంగతి అనడం లేదు. ఆ మాట సీసా చెప్పాలి, మనమందరం వినాలి.

ఇక లేవండి, ఇంత అన్నం తిని పోదురుగాని. మీ పొయ్యి చల్లారకూడదు. మీ కడవ నిండాలి, నిండినది మీ వాళ్ళ ఎముకలకు బలమే కావాలి. పిలిస్తే మీ ముసలివాళ్ళ మెడ సులువుగా వెనక్కు తిరగాలి. మీ ఇంటి ఆడపిల్లలు నలుగురిలో నిలబడి, రెండు చేతులూ వదిలేసి, నోరారా నవ్వాలి.